దిండు కింద తుపాకీ

1945 జులై 16 నాటి లైఫ్ పత్రిక ముఖచిత్రం మీద ఒక కుర్రాడు నవ్వుతూ కనిపిస్తాడు. ఒంటి మీద సైనికాధికారి దుస్తులు, గుండెల మీద వరసగా పతకాలు, ముఖంలో మాత్రం ఇంకా పోని పసితనం. పేరు ఆడీ మర్ఫీ. వయసు 20. రెండో ప్రపంచ యుద్ధంలో అత్యధిక పతకాలు పొందిన అమెరికా సైనికుల్లో ఒకడు. ఆ ఫొటో చూసిన నటుడు జేమ్స్ కాగ్నీ అతణ్ని హాలీవుడ్‌కు పిలిపించాడు. ఆ తర్వాత నలభైకి పైగా సినిమాలు చేశాడు. వాటిలో చాలా వరకు గుర్రాలు, తుపాకులు ఉన్న కౌబాయ్ చిత్రాలే.

లోకానికి తెలిసిన కథ ఇది. వైద్యుణ్ని కాబట్టి నా దృష్టి ఆయన రాత్రుల మీదికి పోతుంది. యుద్ధం ముగిశాక ఆయన బతికింది 26 ఏళ్లు. ఆ కాలమంతా నిద్ర ఆయనకు శత్రువుగానే ఉంది. కళ్లు మూస్తే పీడకలలు వచ్చేవి. దిండు కింద గుళ్లు నింపిన పిస్తోలు లేకుండా పడుకోలేకపోయేవారు. 1947 జూన్‌లో చేసిన వైద్య పరీక్షలో తలనొప్పి, వాంతులు, యుద్ధం తాలూకు పీడకలలు అని నమోదైంది. మూడూ లక్షణాలే. ఆ మూడింటినీ కలిపి చెప్పే జబ్బు పేరు అప్పటి వైద్య పుస్తకాల్లో సరిగా లేదు.

టెక్సస్ రాష్ట్రంలో కింగ్‌స్టన్ అనే చిన్న ఊరి దగ్గర, పత్తి పొలాలు కౌలుకు చేసుకునే ఇంట్లో 1925 జూన్ 20న ఆడీ పుట్టాడు. పన్నెండు మంది సంతానంలో ఏడోవాడు. తండ్రి అప్పుడప్పుడూ వచ్చిపోతూ, చివరికి రావడమే మానేశాడు. ఐదో తరగతితో బడి ఆపేసి ఆడీ పత్తి తీతకు వెళ్లాడు. రోజుకు ఒక డాలరు కూలి. అది చాలక తుపాకీ పట్టుకుని చిన్నచిన్న జంతువుల్ని వేటాడి ఇంటికి తెచ్చేవాడు. దెబ్బ తప్పితే తూటా దండగ, ఆ పూట కూర కూడా ఉండదు. తర్వాత యుద్ధంలో పేరు తెచ్చిన గురి అలా ఆకలి నేర్పిందే.

1941లో తల్లి పోయింది. గుండె లోపలి పొరకు సోకే ఎండోకార్డైటిస్ అనే ఇన్ఫెక్షన్, దానికి తోడు న్యుమోనియా. ఈ రెండూ ఇవాళ యాంటీబయాటిక్స్‌తో చాలామందికి నయం చేయగలిగినవే. పెన్సిలిన్ మామూలు జనానికి అందడానికి అప్పటికి ఇంకా కొన్నేళ్లుంది. ఆడీకి పదహారేళ్లు నిండలేదు. ఇల్లు చెదిరిపోయింది. చిన్నవాళ్లు ముగ్గురినీ అనాథాశ్రమంలో చేర్చాల్సి వచ్చింది. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, బాల్యంలో ఇలాంటి దెబ్బలు తిన్నవారికి పెద్దయ్యాక ఎదురయ్యే భయానక అనుభవాలు మనసులో మరింత లోతుగా దిగుతాయని మనకు ఇప్పుడు తెలుసు. ఆడీ యుద్ధానికి వెళ్లకముందే సగం గాయపడి ఉన్నాడు.

అదే ఏడాది డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. ఆడీ సైన్యంలో చేరబోతే వయసు చాలదు, బరువు చాలదు అని పంపేశారు. నౌకాదళం పంపేసింది. మెరైన్లూ పంపేశారు. చివరికి అక్క కొరిన్ అతని పుట్టిన సంవత్సరాన్ని ఒకటి వెనక్కి జరిపి ప్రమాణపత్రం రాసిచ్చింది. అలా 1942 జూన్‌లో సైన్యంలో చేరాడు. ఎత్తు ఐదడుగుల ఐదున్నర అంగుళాలు. బరువు 112 పౌండ్లు, అంటే దాదాపు 51 కిలోలు. ఇవాళ మా ఓపీకి వస్తే బీఎంఐ లెక్కేసి తక్కువ బరువు అని రాసేవాళ్లం. శిక్షణలో కవాతు చేస్తూ సొమ్మసిల్లి పడిపోయాడు కూడా. ఇతను తుపాకీకి పనికిరాడు, వంటశాలకు పంపుదాం అని పై అధికారి అనుకున్నాడు. ఆడీ ఒప్పుకోలేదు.

1943 జులైలో అతని దళం ఇటలీలోని సిసిలీ ద్వీపంలో దిగింది. అక్కడ తూటాల కంటే ముందు దోమలు కాచుకుని ఉన్నాయి. మలేరియాతో మంచమెక్కిన సైనికుల సంఖ్య గాయపడినవారిని మించిపోయింది. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందని 1897లో మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ కనిపెట్టాడు. అర్ధ శతాబ్దం గడిచినా సైన్యాలు ఆ దోమకు దొరికిపోతూనే ఉన్నాయి. ఆడీకీ మలేరియా వచ్చింది. 1944 జనవరిలో తోటివాళ్లు ఆంజియో తీరంలో దిగుతున్న రోజున అతను నేపుల్స్‌లో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. కాస్త తేరుకోగానే తిరిగి వాళ్లను చేరుకున్నాడు.

ఆ సిసిలీలోనే 1943 ఆగస్టులో జరిగిన ఒక సంఘటన ఆనాటి వైద్యం, ఆనాటి ఆలోచన ఎలా ఉండేవో చెబుతుంది. జనరల్ జార్జ్ ప్యాటన్ సైనిక ఆసుపత్రిని చూడటానికి వచ్చారు. ఒంటి మీద గాయమేదీ లేకుండా కూర్చున్న జవానును చూసి, ఏమైందని అడిగారు. యుద్ధాన్ని తట్టుకోలేకపోతున్నానని అతను చెప్పాడు. ప్యాటన్ పిరికిపందవని తిట్టి చెంపదెబ్బ కొట్టి గుడారం బయటికి గెంటించారు. ఆ కుర్రాడికి అప్పటికే ఒళ్లు కాలిపోతోంది. మలేరియా ఉన్నట్టు తర్వాత తేలింది. కొద్ది రోజులకే మరో ఆసుపత్రిలో మరో జవానుకూ ఇలాగే జరిగింది. ప్యాటన్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా మనసు దెబ్బతిన్నవాడంటే పిరికివాడే అన్న మాట మాత్రం సైన్యంలో చెరిగిపోలేదు. ఆడీ ఆ వాతావరణంలో ఎదిగినవాడు. తన రాత్రుల గురించి నోరు విప్పడానికి ఎందుకంత కాలం పట్టిందో అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

1944 ఆగస్టు 15న దక్షిణ ఫ్రాన్స్‌లో దిగిన రోజే అతని ప్రాణస్నేహితుడు లాటీ టిప్టన్ కళ్లెదుటే చనిపోయాడు. జర్మన్లు తెల్లజెండా ఊపారు. లొంగిపోతున్నారనుకుని టిప్టన్ పైకి లేచాడు. కాల్చేశారు. ఆ తర్వాత ఆడీ ఒక్కడే కొండ మీద ఉన్న ఆ జర్మన్ స్థావరాల మీద విరుచుకుపడి వాటిని నాశనం చేశాడు. దీనికి దేశంలోని రెండో అత్యున్నత సైనిక పతకం ఇచ్చారు. పతకం రాసిన పత్రంలో సాహసం కనిపిస్తుంది. దాని వెనకున్న దుఃఖానికి అందులో చోటు లేదు.

గాయాలు వరస కట్టాయి. సెప్టెంబరులో మోర్టారు గుండు పేలి మడమకు దెబ్బ తగిలింది. అక్టోబరులో లెఫ్టినెంటుగా పదోన్నతి వచ్చింది. ఆ నెలాఖరులోనే మాటున దాగిన శత్రువు కాల్చిన తూటా తుంటిలో దిగింది. ఆసుపత్రికి చేరేలోగా గాయం కుళ్లి గాంగ్రీన్ అయింది. చచ్చిపోయిన కండరాన్ని కోసి తీసేశారు. కోలుకోవడానికి రెండు నెలలకు పైగా పట్టింది. పెన్సిలిన్ అప్పటికి యుద్ధరంగపు ఆసుపత్రులకు చేరింది. తల్లి చనిపోయి మూడేళ్లు దాటింది.

మళ్లీ దళంలో చేరి ఎన్నో రోజులు కాలేదు. 1945 జనవరి 26. ఫ్రాన్స్‌లో కొల్మార్ దగ్గర హోల్ట్స్‌విర్ అనే పల్లె. చుట్టూ మంచు. ఆడీ కంపెనీలో మిగిలింది కొద్దిమందే. ఎదురుగా ఆరు జర్మన్ ట్యాంకులు, వాటి వెనక కాల్బలం. తన మనుషుల్ని అడవిలోకి వెనక్కి పంపేసి, ఫోన్‌లో ఫిరంగి దళానికి గురి చెబుతూ అతనొక్కడే అక్కడ ఆగిపోయాడు. పక్కనే ట్యాంకుల్ని కూల్చే ఫిరంగి బండి ఒకటి దెబ్బతిని మండుతోంది. అది ఏ క్షణంలోనైనా పేలిపోవచ్చు. దాని మీదికెక్కి, పైనున్న మెషిన్‌గన్‌తో దాదాపు గంటసేపు ఒంటరిగా పోరాడాడు. కాలికి గాయమైంది. శత్రువుల్లో సుమారు 50 మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. ఆపై దిగి, తన వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లి, వైద్యం వద్దని, ఎదురుదాడికి వాళ్లను తీసుకెళ్లాడు. దీనికే మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. మన పరమవీర చక్రలాంటిది. అప్పటికి అతనికి ఇంకా ఇరవై నిండలేదు.

ఇక సినిమా. కాగ్నీ పిలిచాడే కానీ రెండు మూడేళ్లు వేషాలు లేవు. దేశమంతా పేరు తెలిసిన వీరుడు ఒక వ్యాయామశాలలో పడుకుని రోజులు వెళ్లదీశాడు. వచ్చిన డబ్బుతో అక్కకు ఇల్లు కొనిచ్చి, అనాథాశ్రమంలో ఉన్న తోబుట్టువుల్ని ఆమె దగ్గరికి చేర్చాడు. 1948 నుంచి చిన్న వేషాలు మొదలయ్యాయి. 1949లో తన యుద్ధానుభవాల పుస్తకం టు హెల్ అండ్ బ్యాక్ వచ్చింది. 1951లో జాన్ హ్యూస్టన్ దర్శకత్వంలో ది రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్‌లో ప్రధాన పాత్ర చేశాడు. యుద్ధం చూసి భయపడి పారిపోయే కుర్రాడి కథ అది. అన్ని పతకాలున్న మనిషి ఆ పాత్రను అంత నమ్మకంగా ఎలా చేశాడని చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు. నాకు ఆశ్చర్యం లేదు. భయం ఎరగనివాడు ధైర్యవంతుడు అనేది సినిమా మాట. భయం ఆయనకు బాగా తెలుసు.

1955లో ఆయన పుస్తకాన్నే సినిమాగా తీశారు. తన పాత్ర తానే చేయాల్సి వచ్చింది. ముందు ఇష్టపడలేదు, వేరే నటుణ్ని పెట్టుకోమన్నారు. చివరికి ఒప్పుకున్నారు. స్నేహితుడి చావు, మండుతున్న బండి, మెషిన్‌గన్, అన్నీ కెమెరా ముందు మళ్లీ చేశారు. ఆ సినిమా యూనివర్సల్ సంస్థకు అంతకుముందెన్నడూ లేనంత వసూళ్లు తెచ్చింది. 1975లో జాస్ వచ్చేదాకా ఆ రికార్డు నిలిచింది. మనసుకు తగిలిన దెబ్బను మళ్లీ గుర్తుచేసుకోవడం చికిత్సలో ఒక భాగమే. కానీ దాన్ని శిక్షణ పొందిన నిపుణుల పక్కన, మెల్లమెల్లగా, ఆపుకోవాలనుకున్నప్పుడు ఆపుకునే వీలుతో చేస్తారు. లైట్ల మధ్య, టేకుల లెక్కన చేయించడం చికిత్స కాదు.

ఇంట్లో పరిస్థితి వేరు. 1949లో నటి వాండా హెండ్రిక్స్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆ కాపురం ఎంతోకాలం నిలవలేదు. ఒకసారి తన మీదికే తుపాకీ ఎక్కుపెట్టారని ఆమె తర్వాత చెప్పారు. యుద్ధంలో అనాథలైన జర్మన్ పిల్లల్ని వార్తాచిత్రంలో చూసి అపరాధభావంతో కన్నీళ్లు పెట్టుకున్నదీ ఆమె చూశారు. ఈ రెండూ ఒకే మనిషివి. 1951లో పమేలా ఆర్చర్‌తో రెండో పెళ్లయింది. ఇద్దరు కొడుకులు పుట్టారు. గుర్రప్పందాల్లో సంపాదన కరిగిపోయింది. అప్పులున్న రోజుల్లో కూడా సిగరెట్లు, మద్యం ప్రకటనల్లో నటించడానికి మాత్రం ఒప్పుకోలేదు. పిల్లలకు తప్పుడు దారి చూపడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

లక్షణాలన్నీ ఒకచోట పెట్టి చూడండి. నిద్రలో యుద్ధం తిరిగి రావడం. ఎప్పుడూ ప్రమాదం పొంచి ఉన్నట్టు అప్రమత్తంగా ఉండటం. ఉన్నట్టుండి ఎగసే కోపం. బతికి ఉన్నందుకు అపరాధభావం. మామూలు జీవితం చప్పగా తోచి, జూదంలాంటి ఉద్రేకాల వెంట పరుగు. ప్రాణాపాయం ఎదురైనప్పుడు మన మెదడు ఒంట్లోని ప్రమాద ఘంట మోగిస్తుంది. ప్రమాదం దాటాక అది ఆగిపోవాలి. కొందరిలో ఆగదు. ఒక శబ్దానికో, వాసనకో మళ్లీ మోగుతుంది. దీన్నే ఇవాళ పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ అంటున్నాం. మొదటి ప్రపంచ యుద్ధంలో షెల్ షాక్ అన్నారు. ఆడీ కాలంలో యుద్ధపు అలసట అన్నారు. అలసటైతే విశ్రాంతితో పోవాలి కదా! సైనికులకే వస్తుందనుకోకండి. రోడ్డు ప్రమాదంలో పక్కనున్నవారిని పోగొట్టుకున్నవారిలో, ఉప్పెన చూసినవారిలో, ఇంట్లో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఆడవాళ్లలో, ఐసీయూలో చావు అంచు దాకా వెళ్లి వచ్చినవారిలో కూడా చూస్తాం.

నిద్ర కోసం ఆడీ మాత్రలు పట్టారు. 1950ల మధ్యలో ప్లాసిడిల్ అనే నిద్రమాత్ర మార్కెట్లోకి వచ్చింది. దానిలోని మందు ఎథ్‌క్లోర్‌వినాల్. పాత నిద్రమందుల కంటే ఇది మేలనుకుని డాక్టర్లు రాసేవారు. కొన్నాళ్లు పనిచేస్తుంది. తర్వాత అదే మోతాదు చాలదు. ఆపితే ఉన్న నిద్రా పోతుంది. 1960ల మధ్యకు తాను దానికి బానిసయ్యానని ఆడీకి అర్థమైంది. ఒక హోటల్ గదిలోకి వెళ్లి తలుపేసుకుని, వారం రోజులు ఒంటరిగా ఉండి, ఆ మాత్ర మానేశారు.

ఈ ఘట్టాన్ని ఆయన మనోబలానికి నిదర్శనంగా చాలాచోట్ల రాస్తారు. బలం ఉన్న మాట నిజమే. కానీ దయచేసి ఎవరూ ఇలా చేయకండి. ఇలాంటి మందులు ఎక్కువకాలం వాడి ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, భ్రమలు, మతి తప్పడం, ఫిట్స్ రావచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. తాళం వేసిన గదిలో ఫిట్స్ వస్తే చూసేవారెవరు? ఆయన బతికి బయటపడ్డారు. అందులో అదృష్టం పాలు చాలా ఉంది.

ప్లాసిడిల్ ఇప్పుడు మార్కెట్లో లేదు. దాని స్థానంలో మన ఇళ్లలో ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ వంటి మాత్రల పట్టీలు ఉన్నాయి. ఎప్పుడో పదిరోజులకు రాసిన చీటీ మీద పదేళ్లుగా వాడుతున్నవారు ఓపీలో తరచూ కనిపిస్తారు. భర్త చనిపోయినప్పుడు మొదలుపెట్టిన మాత్రను మనవడి పెళ్లి దాకా కొనసాగించిన అమ్మమ్మలు ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివారుంటే మాత్రల పట్టీ దాచేయకండి, తిట్టకండి. డాక్టరు పర్యవేక్షణలో వారాలు, ఒక్కోసారి నెలల పాటు కొంచెం కొంచెంగా తగ్గించాలి. పీటీఎస్‌డీకైతే ఈ మాత్రలు అసలు చికిత్సే కాదు. ఆ అనుభవం మీద నేరుగా పనిచేసే మాటల చికిత్సలు, అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. చాలామందికి మేలు జరుగుతుంది. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆడీకి వీటిలో ఏదీ దొరకలేదు. అయినా ఆయన చేసిన ఒక పని, నా లెక్కలో హోల్ట్స్‌విర్‌లో ఆ గంటసేపు చేసినదానికి తీసిపోదు. కొరియా, వియత్నాం యుద్ధాల నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు తనలాగే నలిగిపోవడం చూసి, తన పీడకలల గురించి, నిద్రమాత్రల గురించి బహిరంగంగా మాట్లాడారు. యుద్ధం మనసును ఏం చేస్తుందో ప్రభుత్వం అధ్యయనం చేయించాలని, తిరిగొచ్చినవారి వైద్యానికి మరింత ఖర్చుపెట్టాలని అడిగారు. సామాన్య సైనికుడు ఆ మాట అంటే పిరికివాడనేవారు. గుండె మీద అన్ని పతకాలున్న మనిషి అన్నప్పుడు ఆ ముద్ర వేయడానికి ఎవరికీ నోరు రాలేదు. మగాడు ఏడవకూడదని నేర్పే మన ఇళ్లలోనూ ఇలా ముందు నోరు విప్పేవాడొకడు కావాలి.

1971 మే 28న వర్జీనియా రాష్ట్రంలో రొనోక్ దగ్గర ఆయన ప్రయాణిస్తున్న చిన్న విమానం కొండను ఢీకొంది. విమానంలో ఉన్న ఆరుగురూ చనిపోయారు. ఆర్లింగ్టన్ జాతీయ సమాధి స్థలంలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. మెడల్ ఆఫ్ ఆనర్ పొందినవారి సమాధి రాళ్ల మీద అక్షరాలకు బంగారు పూత వేయడం ఆనవాయితీ. తన రాయి మామూలు సైనికుడి రాయిలాగే ఉండాలని ఆయన ముందే కోరుకున్నారు. దాని మీద పుట్టిన సంవత్సరం 1924 అని ఉంటుంది. అక్క రాసిచ్చిన ఆ అబద్ధం అలాగే ఉండిపోయింది.

రెండేళ్లకు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మాజీ సైనికుల ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా మానసిక వైద్యుల అధికారిక జాబితాలో చేరింది 1980లో. అంటే ఆయన పోయిన తొమ్మిదేళ్లకు.

పమేలా గురించి చెప్పకుండా ఈ కథ ముగించలేను. భర్త మిగిల్చిపోయిన అప్పులు తీర్చడానికి ఆవిడ చిన్న ఇంటికి మారి, లాస్ ఏంజెలెస్ దగ్గరి సెపుల్వెడా మాజీ సైనికుల ఆసుపత్రిలో గుమాస్తాగా చేరారు. ఆ ఉద్యోగం 35 ఏళ్లు చేశారు. చేతిలో అట్ట, దాని మీద కాగితాలు పట్టుకుని వార్డులు తిరిగేవారు. గంటల తరబడి వరసలో కూర్చున్న ముసలి సైనికుడు కనిపిస్తే, చేయి పట్టుకుని నేరుగా డాక్టరు గదికి తీసుకెళ్లేవారు. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాడిగా చెబుతున్నాను, అలాంటి ఒక్క మనిషి ఉంటే ఓపీ తీరే మారిపోతుంది. ఒక దశలో ఆవిడ ఉద్యోగానికి ఎసరు వస్తే రోగులే అడ్డుపడ్డారు. ఆవిడ పదవీ విరమణ చేసే నాటికి వయసు 87. 2010లో, తొంభయ్యో ఏట కన్నుమూశారు.